ఇంటర్వెల్‌లో ఎవరి తిండి వారికి



విదురాశ్వత్థంలో నాగప్రతిష్ఠ చేయించడానికి బాగేపల్లి నుంచీ, చింతామణి నుంచీ, అటు హిందూపురం వైపు నుంచీ ఎంతమంది వస్తారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ పెద్ద రావిచెట్టు 2001లో కూలిపోయింది గాని, దాని చుట్టూ నిలబెట్టిన నాగశిలలు అలాగే ఉన్నాయి, మొక్కుకొనేవాళ్లూ తగ్గలేదు. చాలా ఏళ్ల కిందట మా మేనత్త కూడా అక్కడ మొక్కు తీర్చుకొంది. బస్సుకు ఇంకా పొద్దుందని అందరం కలసి సినిమాకు వెళ్లాం. ఇంటర్వెల్ కాగానే నేను పరుగెత్తి మిరపకాయ బజ్జీలు తెచ్చాను. ఆమె పొట్లం వైపు చూసి, "కోడిగుడ్డు బోండాలు కూడా ఆ బాణలిలోనే వేస్తున్నాడు కదరా. నేను ఒక్కపొద్దున్నాను. నువ్వు తిను నాయనా" అంది. ఆట అయ్యేదాకా మంచినీళ్లతోనే కూర్చుంది. బజ్జీలో తప్పేమీ లేదు. చిక్కంతా బాణలి దగ్గర వచ్చింది.

ఈనాటి మన ప్రసంగం ఆ బాణలి గురించే. సినిమాహాలు కొట్టులో తినుబండారాలు అమ్మేవాడు, నియమం ఉన్నవాడికి ఏం పెట్టగలడు? ఈ ప్రశ్న మనకంటే ముందుగా, మనకంటే గట్టిగా వేసుకొన్నవాళ్లు యూదులు. వాళ్ల తిండి నియమాన్ని కోషర్ అంటారు. ఆ హీబ్రూ మాటకు తగినది, యోగ్యమైనది అని అర్థం. డెక్క చీలి, నెమరువేసే జంతువు మాంసమే పనికివస్తుంది. కాబట్టి మేక, గొర్రె, ఆవు సరే. పంది, కుందేలు, ఒంటె కూడదు. చేపకు రెక్కలూ పొలుసులూ ఉండాలి; రొయ్య, పీత పనికిరావు. కోసే పద్ధతి వేరు, రక్తం పూర్తిగా పోవాలి. పాలూ మాంసమూ కలపరు. కలపడం అటుంచి, రెండింటికీ గిన్నెలే వేరు. పండ్లు, కూరగాయలు, పప్పులు, గింజలు ఏ వైపూ చేరవు. అయితే వాటిలో పురుగు ఉండకూడదు. మన నాగులచవితినాడు చాలా ఇళ్లలో బాణలి పొయ్యెక్కదు. చలిమిడి, వడపప్పుతో సరిపెట్టుకొంటారు. ఇటువంటి పట్టింపు ఎరిగిన మనకు వాళ్ల గిన్నెల లెక్క అర్థం కావడం కష్టం కాదు.

యూదులు మనకెక్కడున్నారని మీరు అడగవచ్చు. తెలుగు మాట్లాడేవాళ్లే ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ కులంలో పుట్టి కొన్ని తరాలు క్రైస్తవులుగా ఉన్న కొన్ని కుటుంబాలు 1980ల చివర నుంచి తాము యూదులమని చెప్పుకొంటూ, శనివారం విశ్రాంతి దినంగా పాటిస్తున్నాయి. తమను బెనె ఎఫ్రాయిం అంటారు. వాళ్లమీద ఇద్దరు పరిశోధకులు, యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్, 2013లో ఒక పుస్తకమే రాశారు. ఇక కొంకణ తీరంలో బెనె ఇశ్రాయేలు అనేవాళ్లు శతాబ్దాలుగా ఉన్నారు. వాళ్ల కులవృత్తి నూనె గానుగ. శనివారం గానుగ కట్టరు కనుక చుట్టుపక్కలవాళ్లు వాళ్లను శనివార్ తేలీ, అంటే శనివారపు తెలికలవాళ్లు, అని పిలిచేవారు. వాళ్లు ఏలియా ప్రవక్త పేర మొక్కు తీర్చుకొనేటప్పుడు పెట్టే మలీదా ఏమిటనుకొన్నారు? అటుకులు, కొబ్బరికోరు, చక్కెర, పండ్లు. మనింట్లో కృష్ణాష్టమికి కలిపేదానికి దగ్గరి చుట్టం.

ఇప్పుడు కొట్టు దగ్గరికి వద్దాం. ఒకప్పుడు టెంటు సినిమాకు ఒడిలో బొరుగులు, వేయించిన శెనక్కాయలు కట్టుకుపోయేవాళ్లం; ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు చాలా హాళ్లలో గేటు దగ్గరే సంచి చూస్తారు. బయటి తిండి తేవచ్చునని జమ్ము కాశ్మీరు హైకోర్టు 2018లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2023 జనవరి 3న కొట్టివేసింది. బయటి తిండి వద్దనే హక్కు హాలువాళ్లకు ఉందని చెప్పింది. మంచినీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలి, పసిబిడ్డకు తల్లిదండ్రులు తెచ్చిన ఆహారాన్ని ఆపకూడదు. ఎవరో జిలేబీ తెచ్చి, జిగురు చేతులు కుర్చీకి తుడిస్తే ఎట్లా అని వాదనల్లో ప్రధాన న్యాయమూర్తి చమత్కరించారు కూడా. తీర్పు న్యాయమైనదే కావచ్చు. కాని పసిబిడ్డకు దొరికిన వెసులుబాటు ఒక్కపొద్దున్న ముసలమ్మకు దొరకలేదు. సంచి బయట పెట్టించినవాడు లోపల ఆమె తినదగినది ఒక్కటైనా ఉంచాలి కదా?

అది పెద్ద పనేమీ కాదు. ఇసుకలో వేయించిన శెనక్కాయలున్నాయి. నూనె లేదు, పైన తోలు ఉంది. అరటిపండు, టెంకాయ నీళ్లు ఎవరికీ అభ్యంతరం కావు. తోలుతో ఉన్న పండుకు ఏ మతం సర్టిఫికెట్టూ అక్కర్లేదు. పేలాలమిషనులో ఉప్పు మాత్రమే వేసిన మొక్కజొన్న పేలాలు చాలామందికి సరిపోతాయి. వెన్న వాసన పొడి, చీజు పొడి తగిలిస్తేనే లెక్క మారుతుంది. గట్టి నియమం ఉన్నవాడు ఆ మిషనులో పోసే నూనె ఏదని అడుగుతాడు. అడిగితే విసుక్కోకుండా నూనె డబ్బా చూపిస్తే చాలు.

ఇక కట్టిన ప్యాకెట్లు. మన దేశంలో శాకాహార ప్యాకెట్లకు ఆకుపచ్చ చుక్క ఉంటుంది. ఇది మనకు గొప్ప సదుపాయం. అయితే ఆకుపచ్చ చుక్క ఉన్నదంతా కోషర్ కాదు. ఆ చుక్క సరుకేమిటో చెబుతుంది. గిన్నె సంగతి చెప్పదు. కోషర్‌కు వేరే గుర్తులున్నాయి. సరుకు లోపల ఏముందో పైకి తెలియదనడానికి పాత కథ ఒకటుంది. అమెరికాలో అట్లాంటా నగరపు యూదు గురువు టోబయాస్ గెఫెన్ కోకాకోలా తాగవచ్చునా అని విచారిస్తే, అందులో పడే గ్లిజరిన్ జంతువుల కొవ్వు నుంచి వస్తున్నదని తేలింది. కంపెనీవారు దాన్ని మార్చి, మొక్కల నుంచి తీసిన గ్లిజరిన్ వాడారు. 1935లో ఆయన సరేనన్నాడు. సోడాలో కొవ్వు ఉంటుందని మనలో ఎవరం అనుకొంటాం?

ఇక్కడ ఒక్క మాట నొక్కి చెప్పాలి. వేరే గిన్నె, వేరే గ్లాసు అనే మాటలు మన పల్లెల్లో మంచి జ్ఞాపకాలు కావు. టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఎవరిని బయట నిలబెట్టిందో మీకు తెలుసు. ఇప్పుడు తాము యూదులమంటున్న ఆ గుంటూరు కుటుంబాల తాతముత్తాతలు ఆ అవమానం పడ్డ వాడల్లోనివారే. నా నోటికి నేను పెట్టుకొన్న నియమం వేరు, ఎదుటివాడి చేయి తగలకూడదనడం వేరు. కనుక కొట్టువాడు నియమం ఉన్నవాళ్లకని ఒక మూల వేరే బల్ల వేయకూడదు. అదే బల్ల మీద, అదే వరుసలో, అదే ధరకు పెట్టాలి. ఏ నూనెలో ఏది వేయించాడో తెలుగులోనూ కన్నడంలోనూ పలక మీద రాసి ఉంచితే, తినేవాడే చూసి తీసుకొంటాడు. నీ మతమేమిటి, కులమేమిటి అని అడిగే పనే ఉండదు.

బజ్జీలు మానేయమని నేననను. బజ్జీ లేని ఇంటర్వెల్ ఇంటర్వెలేనా! రెండో బాణలి ఒకటి కొనమంటాను. గుడ్డు బోండా ఒకదాంట్లో, మిరపకాయ బజ్జీ ఒకదాంట్లో. జల్లిగరిటెలు కూడా రెండు కావాలి. అది మరచిపోతే బాణలి కొన్న డబ్బు దండగ.

మన సినిమాలు ఎక్కువగా శుక్రవారం విడుదలవుతాయి. నిష్ఠగల యూదుడు శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటిపడి ఆకాశంలో మూడు చుక్కలు కనిపించేదాకా సినిమా ముఖం చూడడు. అంటే ఆయన వచ్చేది శనివారం సెకండ్ షోకు. మా మేనత్త శనివారపు ఒక్కపొద్దు కూడా ఆ వేళకు తీరిపోయేది. చాలా కొట్లు ఆ ఆటకు సగం సరుకు కట్టేసి, అడుగున మిగిలిన బజ్జీలే అమ్ముతాయి. ఆ ఒక్క ఆటకు ఒక బుట్టెడు శెనక్కాయలు అట్టిపెట్టమని మీ ఊరి హాలువాళ్లతో చెప్పి చూడండి.