గోడ లేని జైలులో ఒక గ్యాంగ్‌మన్

(రాయపూర్‌లో జరిగిన తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో సమాఖ్య కార్యవర్గ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



రాయపూర్‌లో నిలబడి జైలును గురించి మాట్లాడేవాడు ముందుగా సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగ్‌ను స్మరించవలసి ఉన్నది. 1856 నాటి కరవులో వ్యాపారి ధాన్యపు కొట్టును తెరిపించి ఆకలిగొన్నవారికి పంచినందుకు ఆయనను ఈ ఊరి జైలులో బంధించారు. మరుసటి సంవత్సరం ఆయన తప్పించుకొని పోయి తిరుగుబాటు చేశాడు. మరల చిక్కగా 1857 డిసెంబరు 10న ఇక్కడనే ఆయనకు మరణశిక్ష అమలు జరిపారు.

మన ఉద్యమానికి కూడా జైలు కొత్తది కాదు. 1960 జూలై సమ్మెలో, 1968 సెప్టెంబరు 19 నాటి ఒక్కరోజు సమ్మెలో, 1974 మే నెలలో ఇరవై రోజులు సాగిన రైల్వే సమ్మెలో వేలాది కార్మికులు కటకటాల వెనుకకు పోయారు. వారు తిరిగి వచ్చినప్పుడు మనం పూలమాలలు వేశాము. నేను ఈ దినం చెప్పదలచినది పూలమాల పడని ఖైదీని గురించి.

విజయనగరం - రాయపూర్ మార్గంలో పనిచేసిన ఒక గ్యాంగ్‌మన్, మన సంఘ సభ్యుడు, భూమి తగాదాలో దాయాదిని కొట్టగా ఆ మనిషి చనిపోయాడు. యావజ్జీవ శిక్ష పడినది. నేరం నిజమే. దానిని తక్కువ చేసి చెప్పుటకు నేను రాలేదు. కొన్నేళ్ళు కేంద్ర కారాగారంలో గడిపిన తరువాత, సత్ప్రవర్తన చూచి అతనిని అనంతపురం బహిరంగ జైలుకు మార్చారు. ఒక చలికాలంలో నేను అక్కడికి పోయి అతనిని చూచాను.

బహిరంగ జైలు అనగానే మనలో చాలామందికి అది ఈనాటి వింతగా తోచవచ్చు. మన దేశంలో ఈ ప్రయత్నం పాతదే. ఉత్తరప్రదేశ్‌లో 1952లో చంద్రప్రభా నదిపై ఆనకట్ట పనికి ఖైదీల శిబిరం ఏర్పరచారు. హైదరాబాదు వద్ద మౌలాలీలో 1954లో, అనంతపురంలో 1965లో ఖైదీల వ్యవసాయ క్షేత్రాలు వెలసినవి. రాయపూర్ మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజులలోనే, 1973లో, ఆ రాష్ట్రంలోని ముంగావలీలో లొంగిపోయిన చంబల్ బందిపోట్ల కొరకు నవజీవన శిబిరం తెరిచారు. రాజస్థాన్‌లో సాంగానేర్ శిబిరం 1963 నాటిది. అక్కడ ఖైదీ భార్యాబిడ్డలతో కాపురముంటాడు, పగలు ఊరిలోకి పోయి కూలి చేసుకొంటాడు, సాయంకాలం హాజరుకు తిరిగి వస్తాడు.

మన గ్యాంగ్‌మన్ దినచర్య వినండి. తెల్లవారకముందే ఈల. మొదటి రోజులలో అది తన మేట్ ఈల అనుకొని పనిముట్ల కోసం చేయి చాపేవాడినని చెప్పి నవ్వాడు. వరుసగా నిలుచుంటే లెక్క. తరువాత ఫలహారం, పిమ్మట పొలం. వేరుశనగలో కలుపు, కూరమళ్ళకు నీరు, పశువులకు మేత. అతనికి అప్పగించినది పశువుల కొట్టం. తుపాకీ పట్టిన కాపలా వెంట లేదు. ఎత్తైన గోడ లేదు. మధ్యాహ్నం భోజనం, మరల పని, పొద్దు వాలగానే మరల లెక్క. రాత్రి దీపం క్రింద చదువురాని వారికి ఉత్తరాలు వ్రాసిపెడతాడు. తానే అంతంత మాత్రం చదువుకున్నవాడు.

"గ్యాంగులో హాజరు పిలిస్తే జీతానికి, ఇక్కడ హాజరు పిలిస్తే మనిషి ఉన్నాడా లేడా అని. రోడ్డు మీద బస్సు పోతూ ఉంటుంది బాబూ. ఎక్కితే ఆపేవాడు లేడు. ఎక్కకుండా రోజూ దాన్ని చూడటమే ఇక్కడి శిక్ష" అన్నాడు. ఎందుకు ఎక్కలేదని అడిగితే, పశువులను ఎవరు చూస్తారు అన్నాడు. హాస్యమో నిజమో నాకు నేటికీ తెలియలేదు.

పారిపోతే మరల పాత జైలు, కొత్త కేసు. ఇది ఒక కారణమే. అయితే అతనిని అక్కడ నిలిపి ఉంచినది చేతిలోని పని, ఎంత కొద్దిదైనా దానికి వచ్చే కూలి, ఆ కూలి అందుకొనే ఒక ఇల్లు. ఖైదీ పనికి న్యాయమైన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లో చెప్పినది. అయినా చాలా రాష్ట్రాలలో ఆ కూలి బయటి కనీస వేతనానికి దరిదాపులలో లేదు. వేతనం కొరకు పోరాడే సంఘాలు ఈ వేతనాన్ని గురించి ఎన్నడూ తీర్మానం చేయలేదు.

ఇక నా తప్పు చెప్పుకొంటాను. శిక్ష పడగానే 1968 నాటి రైల్వే క్రమశిక్షణ నిబంధనలలోని 14వ నిబంధన క్రింద, విచారణ లేకుండానే అతనిని డిస్మిస్ చేశారు. తపాలా సోదరులకు ఇదే పని 1965 నిబంధనలలోని 19వ నిబంధన చేస్తుంది. డిస్మిస్ అయినవానికి పెన్షన్, గ్రాట్యుటీ ఉండవు. కాని 1993 రైల్వే పెన్షన్ నిబంధనలలో 65వ నిబంధన ఉన్నది. పరిస్థితి దయనీయమైతే, అధికారి తలచుకొంటే, రావలసిన దానిలో మూడింట రెండు వంతులకు మించకుండా కారుణ్య భత్యం మంజూరు చేయవచ్చు. అతడు 2004కు ముందు చేరినవాడు, సర్వీసు చాలినంత ఉన్నది. అతని భార్య దరఖాస్తు వ్రాసిపెట్టమని మా శాఖ కార్యాలయానికి వచ్చినది. "హంతకుని పక్షాన సంఘమా?" అన్నారు కొందరు. శాఖ కార్యదర్శిని నేనే. మినిట్స్ పుస్తకంలో "వాయిదా" అని వ్రాసి మూసివేశాను. ఆమె క్వార్టరు ఖాళీచేసి, నలుగురి ఇళ్ళలో పాచిపనికి కుదిరినది.

తరువాత చాలాకాలానికి ఆమె నాకు మనియార్డరు ఫారాల అడుగు ముక్కలు చూపినది. జైలు కూలిలో నుండి అతడు పంపినవి. వార్త వ్రాసుకొనే ఆ జానెడు జాగాలో ప్రతిసారీ ఒకే మాట: "పాపను బడి మాన్పించవద్దు." మేము వాయిదా వేసిన బాధ్యతను ఖైదీ జైలులో నుండి మోశాడు. ఆ సొమ్మును ఇంటికి చేర్చినది మన తపాలా సోదరుడే. సంఘం చేయని పని అతని సంచి చేసినది.

ఇంకొక మాట. 2022 చివరకు దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది తీర్పు రానివారు. బహిరంగ శిబిరాలు సాధారణంగా శిక్ష పడినవారికే. నేరం రుజువైనవానికి గోడ లేని జైలు, రుజువు కానివానికి గోడ! జామీనుకు డబ్బు లేని కూలివాడు గోడ లోపలనే ఉంటాడు. నలభై ఎనిమిది గంటలు నిర్బంధంలో ఉంటే మన ఉద్యోగి సస్పెన్షన్‌లో ఉన్నట్లే లెక్క అని మీకందరకూ తెలుసు. ఆ రోజున జామీను సంగతి, జీవనభృతి సంగతి చూడటానికి ప్రతి శాఖలో ఒకరి పేరు ఉండాలని ఈ సమావేశం ముందు తీర్మానం పెడుతున్నాను. "వాయిదా" అన్న మాట దయచేసి ఈసారి వ్రాయవద్దు.

కారుణ్య భత్యం దరఖాస్తు ఎట్టకేలకు పంపాము. జవాబు రాలేదు. నేను సెలవు తీసుకొనేటప్పుడు అతడు తన గ్యాంగు బీటులో కాంక్రీటు స్లీపర్లు పడ్డాయా అని అడిగాడు. పాతవారు ఎవరెవరు ఉన్నారని అడిగాడు. నలుగురి పేర్లు చెప్పాను. ఆ నలుగురిలో ఒక్కరూ ఇన్నేళ్ళలో అతనికి ఉత్తరం వ్రాయలేదు. చిరునామా నా వద్ద ఉన్నది. సభ ముగిసిన పిదప కావలసినవారు వచ్చి వ్రాసుకొనవచ్చును.