టెస్ట్‌లో జవాబు చెప్పింది మీరేనా?

జాబ్‌లో ఉన్నప్పుడు పదహారు టైపుల పర్సనాలిటీ టెస్ట్ చేస్తే నాకు ‘ఈఎన్‌టీజే’ వచ్చింది. అంటే పుట్టుకతోనే లీడర్ అన్నమాట! ఆ నమ్మకంతోనే టీమ్ లీడ్ ఒప్పుకున్నా. ఎనిమిది నెలలకే నిద్ర కరువైంది.

దామరచర్ల వచ్చినప్పుడు ఆ రిజల్ట్ అమ్మకు చదివి వినిపించా. "చుట్టాలొస్తే సైకిలేసుకొని వాడపల్లి కృష్ణ ఒడ్డుకు పోయేటోడివి, నువ్వు లీడర్‌వారా?" అని నవ్వింది.

అప్పుడు తెలిసింది. "మీటింగ్‌లో ముందుగా మాట్లాడతారా?" అని అడిగితే, జీతం కోసం చేసే పనిని నా స్వభావం అనుకొని టిక్ పెట్టా. మిగతా వాటికి, నేను ఎలా ఉండాలనుకుంటున్నానో అది చెప్పా.

పైగా పొగడ్త ఎవరికైనా నప్పుతుంది. 1948లో అమెరికన్ సైకాలజిస్ట్ బెర్ట్రమ్ ఫోరర్ 39 మంది స్టూడెంట్స్‌కు ‘ఇది నీ గురించే’ అంటూ ఒకే పేరా ఇచ్చాడు. ఎంత కరెక్టో చెప్పమంటే, 5కి సగటున 4.26 వేశారు!

అందుకే మీ రిజల్ట్ మీద ఉద్యోగమో, కోర్సో డిసైడ్ చేసేముందు, చిన్నప్పటి నుంచి మిమ్మల్ని చూసినవాళ్లతో అవే ప్రశ్నలకు మీ గురించి జవాబు చెప్పించండి. తేడా వచ్చిన చోట ఆగి ఆలోచించండి.

"మరి కెమెరా ముందు ఇంత మాట్లాడుతున్నావ్‌గా?" అంటారా? ఈ రూమ్‌లో నేనొక్కడినే ఉన్నా ఫ్రెండ్స్!