చెమట కుండ ఒక్కటే



ఈవేళ మీతో చెమట గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. నవ్వకండి. పొయ్యి ముందు మనం రోజూ కార్చే చెమట కాదు, కోరి కార్చే చెమట సంగతి.

మొన్న మే నెలలో మా అన్న కూతురు హైదరాబాదు నుంచి మా ఎల్లారెడ్డిపేట వచ్చింది. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాదు మారథాన్‌లో సగం దూరం, అంటే 21 కిలోమీటర్లు, పరుగెత్తడానికి తయారవుతోంది. దానికి తోడు వారానికి రెండు రోజులు వేడి గదిలో యోగా చేస్తుందట. "గదిని 40 డిగ్రీల దాకా కాచి, గంటన్నరసేపు 26 ఆసనాలు వేయిస్తారత్తా" అంది. కలకత్తా నుంచి వెళ్లిన బిక్రమ్ చౌదరి 1970లలో అమెరికాలో ప్రచారం చేసిన పద్ధతి అది. "దానికి డబ్బు కట్టడం ఎందుకే? మధ్యాహ్నం మా రేకుల గదిలో కూర్చో, ఊరికే వస్తుంది" అన్నాను.

అన్న పాపానికి నేనూ మొదలుపెట్టాను. రెండేళ్లుగా తెల్లవారుజామున కామారెడ్డి రోడ్డున పరుగెత్తే అలవాటు నాకుంది. నలభై దాటిన ఇల్లాలికి ఆ గంట ఎంత పోట్లాడితే దొరికిందో మీకు చెప్పాలా! పొద్దున ఎనిమిది కిలోమీటర్లు, మధ్యాహ్నం రేకుల కింద ఆసనాలు. మూడోనాడు సాయంత్రం అన్నం గిన్నె దించుతూ ఉంటే కళ్లు తిరిగాయి. గంజి నేలపాలైంది. కాళ్ల మీద పడలేదు, అదే అదృష్టం. మా అత్తగారు పరుగున వచ్చి, "గీ ఎండల గా ఉరుకుడేందే? రేపటి సంది బందు" అన్నారు. గంజి పోయినందుకు కాదు, నా గంట పోతుందేమోనని నాకు ఏడుపొచ్చింది.

మేనకోడలు నన్ను రెండు రోజులు పడుకోబెట్టింది. తర్వాత ఒకనాడు ఆసనాలకు ముందూ వెనకా కాటా ఎక్కించింది. కిలో తగ్గాను! నేను సంతోషపడబోతే, "అది కొవ్వు కాదత్తా, నీళ్లు" అంది. అలా తగ్గిన కిలోకు సుమారు లీటరు నీరు ఒంట్లోంచి పోయినట్టు లెక్క. పరుగుకైనా, వేడి ఆసనాలకైనా ఖర్చయ్యేది ఒక్క కుండలోని నీళ్లూ ఉప్పే కదా! పొద్దున వంచేసిన కుండను మధ్యాహ్నం మళ్లీ వంచితే ఏమొస్తుంది?

అలాగని వేడి మనకు శత్రువు కాదు. కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే పది పదిహేను రోజుల్లో ఒళ్లు నేర్చుకుంటుంది. రక్తంలో నీటి పాలు పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. పరుగెత్తేవారికి ఇది మేలే. కానీ వేడిలో ఒళ్లు ఎంతయినా వంగేటట్టు అనిపిస్తుంది. ఆ ధీమాతో హద్దు దాటితే బెణుకు ఖాయం.

అందుకని మేము వారాన్ని ఇలా పంచుకున్నాం. ఆదివారం దూరపు పరుగు. సోమవారం విశ్రాంతి. మంగళ, శుక్రవారాలు వేడిలో ఆసనాలు, ఆ రోజుల్లో పరుగు లేదు. బుధ, గురువారాలు చిన్న పరుగు. శనివారం నీడలో నెమ్మదిగా నడక. చెమట బాగా పట్టాక ఒట్టి నీళ్లే కడుపునిండా తాగకూడదు, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారూ, గర్భిణులూ డాక్టరును అడగకుండా వేడి ఆసనాల జోలికి పోవద్దు.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు తొలిసారి మారథాన్ పెట్టింది 1984లో, లాస్ ఏంజెలిస్‌లో. స్విట్జర్లాండు తరఫున పరుగెత్తిన 39 ఏళ్ల గాబ్రియేలా ఆండర్సన్ వేడికి సోలిపోయి, చివరి 400 మీటర్లు ఐదు నిమిషాలకు పైగా తూలుతూ నడిచింది. గీత దాటగానే వైద్యులు పట్టుకున్నారు, కోలుకుంది. మరి తెల్లవారుజామున మన రోడ్డు మీద మన పక్కన ఏ వైద్యుడున్నాడు? తల తిరిగినా, మాట తడబడినా అక్కడే ఆగిపోవాలి. చెమట పడుతూనే వడదెబ్బ తగలవచ్చు. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోసి, విసురుతూ, 108కి ఫోన్ చేయించాలి.

నా గంట నాకు దక్కింది. ఇప్పుడు నేను తిరిగొచ్చేసరికి మా అత్తగారు గడప దగ్గర చెంబు పెట్టి ఉంచుతారు. "ఉప్పేసిన సల్ల, తాగినంకనే లోపలికి రా" అంటారు. మీరు కూడా చెంబు సిద్ధం చేసుకున్నాకే గడప దాటండి.