పాడుదిబ్బ పూదోట యగుట
(ప్రసంగ పాఠము)



మన గ్రామములలో ఎవరికిని పట్టని స్థలము ఒకటి తప్పక ఉండును. అది పాఠశాల వెనుక నుండవచ్చును. పూడిపోయిన బావి చుట్టును ఉండవచ్చును. పాడుపడిన బందెలదొడ్డి కావచ్చును. ఇంటింటి చెత్తయు, కూలిన గోడల మన్నును అక్కడనే చేరును. తుమ్మ అక్కడనే అల్లుకొనును. దానిని తప్పించుకొని నడచుటకు మనము అలవాటుపడితిమి.

అట్టి చోటును ఏమి చేయవలెనని అడిగినచో, మొక్కలు నాటవలెనని అందరును బదులు చెప్పుదురు. మేమును ఒకప్పుడట్లే చెప్పితిమి. ఒక శ్రావణమాసమున ఒక పాఠశాల ఆవరణలో పిల్లలచేత అరువది మొక్కలు నాటించితిమి. ఉపన్యాసములు, చప్పట్లు అయినవి. శివరాత్రి నాటికి ఆరు మొక్కలు మిగిలినవి. పల్లమున నాటినవి నీరు నిలిచి కుళ్లినవి. మెరకను నాటినవి ఎండినవి. దారికడ్డముగా నున్నవి కాళ్లక్రింద నలిగినవి. తక్కిన వానిని మేకలు మేసినవి. ఒక చిన్న బాలిక తన మొక్క ఉండిన చోట మిగిలిన పుల్లను చూపి, "నేను రోజూ నీళ్లు పోశాను గదండీ, ఎందుకు చచ్చిపోయింది?" అని అడిగినది. మేము బదులు చెప్పలేకపోతిమి. తప్పు ఆమెది కాదు, మాది. స్థలమును పరిశీలింపకయే మొక్క నాటించితిమి.

ఈ పరిశీలననే వృత్తిగా గలవారు ఉద్యాన నిర్మాతలు. ఇంటికి ఇంజనీరు ఎట్లో, తోటకు వీరట్లు. పూలమొక్కల నెన్నుటతో వీరి పని మొదలు కాదు. నేల ఎట్టిది? నీరు ఎటు పారును? మనుష్యులు ఎటు నడతురు? ఈ మూడు ప్రశ్నలతో అది మొదలగును. ఇందుకు ఈజిప్టు రాజధానియగు కైరో నగరమున జరిగిన పని గొప్ప నిదర్శనము.

ఆ నగరపు పాతబస్తీ అంచున ఇంచుమించు 500 సంవత్సరములపాటు జనులు చెత్తయు, శిథిలములును పోయుచు వచ్చిరి. అవి గుట్టలై పెరిగెను. 1984లో ఆగాఖాన్ గారు ఆ నగరమునకు ఒక ఉద్యానవనమును కానుకగా నిచ్చుటకు సంకల్పించిరి. దానికి కుదిరిన స్థలము ఈ దిబ్బయే. విస్తీర్ణము 30 హెక్టార్లు, అనగా సుమారు 74 ఎకరములు. ఈజిప్టు దేశీయులైన మాహెర్ స్తినో, లైలా ఎల్మస్రీ స్తినో దంపతులు రూపకల్పన గావించిరి.

మొదటి చిక్కు నేలతోనే వచ్చినది. ఆ మట్టి మన చౌడునేల వలె ఉప్పుబారి యుండెను. కనుక దిబ్బను త్రవ్వి, తీర్చి, పైని బంకమట్టి పొరయు, దానిమీద మంచి మట్టి పొరయు పరచిరి. తరలించిన మన్నును శిథిలములును 15 లక్షల ఘనపు మీటర్ల వరకు ఉండెను. రెండవ చిక్కు, నగరపు మంచినీటికై మూడు పెద్ద జలాశయపు తొట్లను అచ్చటనే కట్టవలసి వచ్చుట. ఒక్కొక్కదాని వ్యాసము 80 మీటర్లు. లోతు 14 మీటర్లు. అవి కంటబడకుండునట్లు తోటను మలచిరి. ఎండవాలులలో నీటియెద్దడి కోర్చు మొక్కలను నాటిరి. నీరందు చోట్ల పచ్చికను, నీడచెట్లను పెంచిరి.

మన్ను తీయగా 12వ శతాబ్దమున సలాదీను కాలపు కోటగోడ ఒకటిన్నర కిలోమీటర్ల పొడవున బయల్పడినది. దాని నానుకొని దర్బ్ అల్-అహ్మర్ అను పేదల పేట కలదు. తోటపనితోపాటు ఆ పేటలో ఇండ్లు మరమ్మతు చేసిరి. అచ్చటి యువకులకు వడ్రంగము, తాపీపని నేర్పి పని చూపిరి. తోట 2005లో ప్రారంభమైనది. ఒకనాటి చెత్తదిబ్బపై నేడు కుటుంబములు సాయంకాలములు గడుపుచున్నవి.

మన దేశముననే ఢిల్లీలో, హుమాయూను సమాధి ప్రక్కన, 90 ఎకరముల సుందర్ నర్సరీ ఇట్లే నిరాదరణ నుండి తేరుకొన్నది. దాని రూపశిల్పి మహమ్మద్ షహీర్ గారు. 2018 ఫిబ్రవరిలో నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు దానిని ప్రారంభించిరి.

అంత ధనము మన పంచాయతీలకు ఎక్కడిదని మీరడుగుదురు. నిజమే. కాని ఆ పనిలో మొదటి మెట్టునకు ధనమక్కరలేదు. వాన కురియునప్పుడు గొడుగు వేసికొని ఆ స్థలమున నిలుచుండుడు. నీరు ఎచటనుండి వచ్చి ఎచట నిలుచునో ఒక కాగితముమీద గీయుడు. జనులు నడచు కాలిబాటను, మధ్యాహ్నపు నీడను గుర్తింపుడు. మట్టిని భూసార పరీక్షకు పంపుడు. చౌడైనచో జిప్సము వేయవలెనో, మంచినీటితో ఉప్పును కడిగి మురుగు తీయవలెనో పరీక్ష ఫలితమునుబట్టి తెలియును. పిమ్మట ఆ పటమును ఉద్యానశాఖ అధికారికి గాని, తోటల నిర్మాణ మెరిగిన వారికి గాని చూపుడు. వారు ఒక్క పూట వచ్చి చెప్పిన మాట ఏండ్ల వృథాశ్రమను తప్పించును. చౌడునకు కొంత ఓర్చునది కానుగ. దానిని మేకలు అంతగా ముట్టవు. గన్నేరు అందమైనదే గాని విషము. పిల్లలు తిరుగుచోట వలదు.

ఆ పాఠశాలకు మేము మరల పోతిమి. ఈసారి వానలో పోతిమి. పిల్లలు నీటి దారి వెంట పుల్లలు గ్రుచ్చిరి. ఆ గుర్తుల వెంబడి చిన్న కాలువ తీసి, నీటిని పల్లపు గుంతకు మరల్చితిమి. పిల్లలు నడచు బాటను బాటగానే విడిచితిమి. కంచె వెంబడి కానుగను, బాటకు దూరముగా వేపను నాటించితిమి. మొత్తము ఇరువది మొక్కలే. వేసవి దాటినవి పదునేడు. నాడు మమ్ము ప్రశ్నించిన బాలిక అప్పటికే పై తరగతులకై వేరొక ఊరి బడికి పోయినది. ఆమె తమ్ముడు ఒక కానుగకు నీరు పోయుచుండగా చూచితిమి.

మీ ఊరి దిబ్బ మీకొరకు వేచియున్నది. పలుగు పట్టుటకు ముందు, ఒక్క వానకాలము దానిని చూడుడు. నాటు దినము ఒక్కటే. కాపాడు దినములు అనేకములు. ఆ దినములను ఎవరెవరు పంచుకొందురో నాటుటకు ముందే నిర్ణయించుకొనుడు. అప్పుడు ఏ బిడ్డయు ఎండిన పుల్లను చూపి మిమ్ము ప్రశ్నింపవలసిన పని యుండదు.