కోసిన కొద్దీ కాపు

 

ఎండాకాలంలో సంతకు పోతే కూరగాయల ధరలు మండిపోతుంటాయి. అప్పుడు పెరట్లో నాలుగు బెండ మొక్కలు, పందిరి మీద ఒక బీర పాదు, ఒక మడి తోటకూర ఉంటే ఎంత ధైర్యం! విత్తనం పెట్టడం, నీళ్లు పోయడం మీకు తెలుసు. ఈరోజు కోత గురించి మాట్లాడుకుందాం. కోయడంలో ఏముంది అంటారా? చాలా ఉంది.

సంతలో బెండకాయ ఎలా కొంటాం? కొస విరిచి చూస్తాం. టప్పున విరిగితే లేత. వంగితే ముదురు. ముదురు కాయకు డబ్బివ్వం. మరి మన పెరట్లో కాయను ఏం చేస్తాం? ‘ఇంకో రెండు రోజులుంటే పెద్దదవుతుందిలే’ అని వదిలేస్తాం. ఈలోగా అది పీచు కడుతుంది. నష్టం అంతటితో ఆగదు. కాయలో గింజ ముదురుతుంటే మొక్క బలమంతా ఆ గింజకే పోతుంది. కొత్త పూత తగ్గుతుంది. లేతగా కోస్తే ఆ బలం పూతకు పోతుంది. అందుకే కోసిన కొద్దీ కాపు.

బెండకాయను పువ్వు పూసిన 5 నుంచి 7 రోజుల్లో కోయాలి. రోజు విడిచి రోజు చూడాలి. గోరుచిక్కుడు గింజ ఉబ్బకముందే కోయాలి. వంకాయ నిగనిగలాడుతుండగా కోయాలి. మెరుపు పోతే గింజ ముదిరినట్టే. సొరకాయ మీద గోరు నొక్కితే తేలిగ్గా దిగాలి. కాకరకాయ రంగు తిరగకముందే కోయాలి. పప్పులో వేసుకునే దోసకాయ మాత్రం వేరు. అది పసుపు రంగు తిరిగాకే కోయాలి. నీడలో పెడితే చాలా రోజులు నిలవ ఉంటుంది.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందే కోయండి. అప్పుడు కాయలో నీరు నిండుగా ఉంటుంది. చేత్తో లాగితే తీగ తెగుతుంది. కత్తితో తొడిమ ఉంచి కోయండి. తోటకూరను వేళ్లతో పీకొద్దు. జానెడు మొదలు ఉంచి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. మొక్కలకు పురుగుమందు కొట్టారా? ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బాతో ఇచ్చిన కాగితంలో ఉంటుంది. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. చదివి చూడండి.

ఇంకో మాట. సొరకాయ, బీరకాయ, దోసకాయ వండేముందు చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ పారేయండి. కాకరకాయ చేదు వేరు, ఈ చేదు వేరు. ఇది విషం. వండినా పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంత కష్టపడి పండించింది ఎవరు తింటున్నారు? మొగుడికి, పిల్లలకు పెట్టి, గిన్నె అడుగున మిగిలింది మనం తింటాం. ఒక్కోరోజు పచ్చడి మెతుకులతో సరిపెడతాం. 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం తక్కువని తేలింది. తోటకూర, గోంగూర రక్తానికి మంచివి. పప్పులో నిమ్మరసం పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే సరిగ్గా పట్టదు. కూర దించగానే మీ వాటా కూడా తీసి పెట్టండి. అది స్వార్థం కాదు.

చివరగా విత్తనం. బాగా కాసిన మొక్కను గుర్తు పెట్టుకోండి. కాపు ముగిసేముందు దాని మీద ఒక మంచి కాయకు గుడ్డపేలిక కట్టి వదిలేయండి. బీరకాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలమంటుంది. గింజలు తీసి, బూడిద కలిపి సీసాలో పోయండి. నాటు రకమైతేనే అదే కాయ మళ్లీ వస్తుంది. హైబ్రిడ్ రకమైతే రాదు. సీసా మీద చీటీ అంటించండి. కాయ పేరు, నెల, సంవత్సరం మీ చేత్తోనే రాయండి.

రేపు పొద్దున్నే పెరట్లోకి వెళ్లండి. ఆకుల చాటున దాగిన కాయల్ని వెతికి కోయండి. సెలవు.