ఇంట్లో సూదుల రోలర్: తెలుసుకోవలసిన సంగతులు



మన ఉచిత వైద్య శిబిరంలో చర్మవ్యాధులు చూసే డాక్టరుగా, ఈ మధ్య ఆడపిల్లలు పదేపదే అడుగుతున్న వస్తువు గురించి మాట్లాడతాను. దాని పేరు డెర్మారోలర్. చిన్న పిడికి సన్నని సూదులున్న చక్రం. ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మొటిమల గుంటలు పూడాలని ముఖం మీద, జుట్టు మొలవాలని తల మీద దొర్లిస్తున్నారు.

ఈ వైద్యం వట్టి మోసమేమీ కాదు. సూది గుచ్చిన చోట చర్మం గాయం మాన్పుకుంటూ కొత్త కొల్లాజెన్ తయారు చేసుకుంటుంది. జుట్టుపై ముంబైలో జరిగిన ఒక అధ్యయనం 2013లో అచ్చయింది. బట్టతల వస్తున్న 100 మంది మగవారిలో కొందరికి మినాక్సిడిల్ మందు మాత్రమే ఇచ్చారు, మిగతావారికి మందుతో పాటు వారానికొకసారి రోలర్ వాడారు. 12 వారాలకు రోలర్ వాడినవారికే జుట్టు బాగా పెరిగింది. అయితే ఆ సూదులు 1.5 మిల్లీమీటర్లవి, చేసింది వైద్యుల చేతుల మీదుగా. ఇంటివాడకానికి అమ్మేవి సాధారణంగా 0.2, 0.3 మిల్లీమీటర్లే. వాటితో లోతైన గుంటలు పూడవు. ఫలితం రాలేదని పొడవు సూదులు కొంటున్నారు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. మన చామనఛాయ చర్మం గాయపడితే నల్లమచ్చలు మిగులుతాయి. పచ్చి మొటిమల మీద, పులిపిర్ల మీద దొర్లిస్తే అవి పక్కకు పాకుతాయి. బొల్లి ఉన్నవారికి సూది తగిలిన చోటల్లా కొత్త మచ్చ రావచ్చు.

గుచ్చిన వెంటనే రాసే క్రీములు మరో సమస్య. రంధ్రాల గుండా ఏది రాసినా లోపలికి పోతుంది. తెల్లబడటానికని మందుల షాపులో చీటీ లేకుండా కొనే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది అసలే చర్మాన్ని పలచన చేస్తుంది, ఆపైన సూదులు కూడానా!

ఒకమ్మాయి, "చెల్లిదీ నాదీ ఒకటే రోలర్ డాక్టరమ్మా, స్పిరిట్‌తో తుడుస్తాం" అంది. తుడిస్తే చాలదు. కంటికి కనబడని రక్తం సూదుల మొదళ్ళలో ఉండిపోతుంది. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి అలా ఒకరి నుంచి ఒకరికి రాగలవు. ఒకరు కొట్టుకున్న ఇంజెక్షన్ సూది ఇంకొకరు వాడతారా? ఇదీ అంతే, అక్కాచెల్లెళ్ళయినా సరే.

జుట్టు రాలుతోందని వచ్చే ఆడపిల్లల్లో నేను మొదట చూసేది రక్తహీనత, థైరాయిడ్. అవి సరిచేయకుండా తల మీద సూదులు దొర్లించి లాభం లేదు. రోలర్ కొనే డబ్బు ముందు ఆ పరీక్షలకు పెట్టండి. ఇప్పటికే కొన్నవారు దాన్ని శిబిరానికి తీసుకురండి, సూది పొడవు చూసి వాడవచ్చో లేదో చెబుతాను.