ఒక తరగతి ఛాయాచిత్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



1885 అక్టోబరు 10వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున తీయబడిన ఛాయాచిత్రమొకటి కలదు. పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాలలో చదువుచుండిన ముగ్గురు యువతులు అందు కూర్చుండియున్నారు. ఎడమవైపున చీర కట్టిన ఆనందీబాయి జోషి. నడుమ కిమోనో ధరించిన జపాను యువతి కెయి ఒకామి. కుడివైపున సిరియాలోని డమాస్కసునుండి వచ్చిన సబత్ ఇస్లాంబూలీ. ముగ్గురును తమ తమ దేశవేషములు విడువలేదు.

చిత్రము క్రింద పేర్లు వ్రాసినవారు తప్పులు చేసిరి. అప్పటికింకను పట్టము పొందని విద్యార్థినులకు ‘డాక్టరు’ బిరుదము తగిలించిరి. ఆనందీబాయి బయలుదేరి వచ్చిన శ్రీరాంపురమును ‘సెరనిసోరు’ గావించిరి. అయినను ఏదో యొకటి వ్రాసిరి గనుకనే ఆ ముగ్గురెవరో నేటికిని తెలియుచున్నది.

ఆనందీబాయి 1865లో జన్మించెను. బాల్యముననే వివాహమయ్యెను. పదునాలుగవ యేట కన్న బిడ్డ పది దినములే బ్రతికెను. పురుష వైద్యునకు చేయి చూపుటకైన సిగ్గుపడి స్త్రీలు ప్రాణములు విడుచు కాలమది. స్వదేశమున స్త్రీ వైద్యులు కావలెనని 1883లో ఆమె ఓడ యెక్కెను; 1886 మార్చిలో పట్టము పుచ్చుకొనెను. కొల్హాపురపు ఆసుపత్రిలో స్త్రీల విభాగమునకు వైద్యురాలిగా నియమింపబడెను గాని, క్షయవ్యాధి ఆమెను ఆ పనిచేయనీయలేదు. 1887 ఫిబ్రవరి 26న, ఇరువదిరెండు నిండకయే, కన్నుమూసెను.

ఆమె పడమటికి పోయిన ఆ సంవత్సరముననే, అదే కళాశాలలో 1879లో పట్టము పొందిన అన్నా సారా కుగ్లర్ తూర్పునకు ఓడ యెక్కి గుంటూరు చేరెను. ఒకరు విద్యకై పోవుచుండగా, ఒకరు విద్యను తెచ్చుచుండిరి! విచిత్రమేమనగా, పంపిన మిషనువారు మొదట ఆమెను వైద్యమునకు గాక బోధనకే నియమించిరి. రోగులు ఊరకుందురా? ఇంటికే వచ్చిరి. 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరువబడెను. 1930లో ఆమె గుంటూరుననే మరణించెను.

ఆ ఆసుపత్రిలో తెలుగు బాలికలు నర్సు పని నేర్చిరి. రక్తమును, మలమూత్రములను, పరకులమువారి శరీరమును తాకవలసిన పని యని ఆ దినములలో గౌరవ కుటుంబములు పిల్లలను పంపలేదు. ముందుగా వచ్చినవారిలో క్రైస్తవ బాలికలును, దిక్కులేని వితంతువులును ఎక్కువ. ఎవరు వెలివేయబడిరో వారి చేతులలోనే ఊరి పిల్లలు పుట్టిరి. జపానునకు మరలిన కెయి ఒకామి కూడ చిన్న ఆసుపత్రి పెట్టి, దానితో నర్సుల పాఠశాల నడిపెను. ఒంటి వైద్యుని వలన ఏమి కాగలదో ఆమెకును తెలిసినది.

కొండమీది గూడెములనుండి గర్భిణులను డోలీలో మోసికొని దిగుట పాచిపెంటవారికి వినికిడి మాట కాదు. దారి లేని గూడెమునకు మందుల సంచితో ఎక్కి పోవు నర్సమ్మయు వారికి తెలియును. అట్టి నర్సమ్మల యిండ్లలో శిక్షణనాటి తరగతి చిత్రము గోడకు వ్రేలాడుచుండును: ముందు కుర్చీలలో గురువులు, వెనుక తెల్లచీరల వరుసలు. నడివరుసలో నాలుగవ పిల్ల ఎవరని అడిగిన, ఇంటివారు ఆలోచనలో పడుదురు.

గ్రంథాలయము అట్టి చిత్రములను అడిగి తెచ్చి, నకలు తీయించి, అసలు తిరిగి ఇచ్చివేయవచ్చును. పేర్లు చెప్పగల పెద్దలు బ్రతికియుండగనే వరుస ప్రకారము పేరు, ఊరు, సంవత్సరము వ్రాసికొనవలెను. చిత్రము వెనుక సిరాతో వ్రాయరాదు. అది కాలక్రమమున ముందువైపునకు దిగి ముఖములను చెరచును. మెత్తని పెన్సిలు చాలును.